మూడో గంటకి ఎత్తిన చెయ్యి

హవల్దారు మావయ్య పోయిన సంగతి మా ఊరికి చర్చి గంట చెప్పింది. కొట్టింది ఆయన కూతురు సుగుణ.

మా ఊరు రాజాం నుంచి బొబ్బిలి వెళ్లే రోడ్డుకి కాస్త లోపలగా ఉంటుంది. సంఘంలో ఎవరైనా చనిపోతే గంటని ఆగి ఆగి కొట్టడం పాత మిషన్ రోజుల నుంచి వస్తున్న అలవాటు. జూన్‌లో ఒక మంగళవారం పొద్దున్నే అలా మోగింది. నేను కాలేజీకి క్యారేజీ సర్దుకుంటున్నాను. ఎవరో పోయారనుకుంటూ మూత బిగించి, చెప్పులేసుకుని వీధిలోకి వచ్చాను. అప్పటికే నలుగురైదుగురు చర్చి వైపు నడుస్తున్నారు. పోయింది ఎవరో ఎవరికీ తెలియదు. గంట దగ్గర సుగుణ ఒక్కర్తే ఉంది.

"ఎవులే? ఎవులు పోయినారే?" అని అడిగారు సంఘం డబ్బులు చూసే ట్రెజరర్ తాత.

సుగుణ తాడు వదలకుండానే చెప్పింది. "నాన్న లెగనేదు తాతా. పిలిసినాను, లెగనేదు. సెయ్యి ఎత్తనేదు. నానే కొట్టీసినాను."

ఆ చెయ్యి సంగతి చెప్పాలి. సుగుణకి నాలుగేళ్లప్పుడు మెదడువాపు జ్వరం వచ్చింది. మావయ్య అప్పుడు ఎక్కడో ఉత్తరాది మంచు కొండల్లో ఉన్నారు. ఆయన సెలవు దొరికి వచ్చేసరికి జ్వరం తగ్గింది కానీ, ఎడమ చెయ్యీ కాలూ సాగడం మానేశాయి. మాట నెమ్మదించింది. అంకెలు పది దగ్గర ఆగిపోయాయి. ఇప్పుడామెకి నలభై దగ్గర పడుతోంది, నాకంటే మూడేళ్లు చిన్న. గడియారం చూడ్డం రాదు. కానీ మా చర్చి గంట కొట్టేది ఆమే. ఆదివారం ఆరాధనకి మూడుసార్లు కొట్టాలి. మూడోది పాస్టరుగారు లోపలికి అడుగు పెట్టే ముందు. మావయ్య గేటు దగ్గర చేతి గడియారం చూసుకుంటూ నిలబడి, వేళకి కుడి చెయ్యి నిటారుగా ఎత్తేవారు. ఎత్తితే సుగుణ మొదలుపెట్టాలి, దించితే ఆపాలి. పదిహేనేళ్లకి పైగా మా ఊరి ఆదివారాలు ఆ చెయ్యి లేవడంతోనే మొదలయ్యాయి.

ఆయన నాకు రక్తసంబంధం ఏమీ కాదు. మా అమ్మ అన్నయ్యా అని పిలిచేది, అందుకని నాకు మావయ్య. సైన్యంలో గుమాస్తా పని చేసి హవల్దారుగా దిగి వచ్చారు. "తుపాకీ కన్నా టైపు మిషనే ఎక్కువ మోసినాను" అని తనే నవ్వేవారు. మా చుట్టుపక్కల ఊళ్లలో ఏ వీధి చూసినా సిపాయిలే. సిపాయిలు పోయాక మిగిలిన భార్యలు కూడా అన్ని వీధుల్లోనూ ఉంటారు. వాళ్లందరి కాగితాలూ మావయ్య అరుగు మీద తయారయ్యేవి.

నవంబరు వస్తే ఆ అరుగు చూడాలి. పింఛను తీసుకునేవాళ్లు బతికే ఉన్నామని చూపించుకోవలసిన నెల అది. పక్క ఊళ్ల నుంచి ఆటోల్లో దిగేవారు.

"ఏటే అప్పలనర్సీ, ఈ యేడు కూడా బతికే ఉన్నావేటి?"

"నువ్వు రాత్తే ఉన్నట్టు బావా, రాయకపోతే పోయినట్టు. బేగి రాసీ, పొయ్యి మీద కూరెట్టొచ్చినాను."

"కూర మాడితే మాడనీ. ముందిది ఇను."

అని ఆ కాగితం మొత్తం పైనుంచి కిందికి వినిపించేవారు. అది ఇంగ్లీషులో ఉంటే ఒక్కో వాక్యాన్నీ మన మాటల్లోకి మార్చి చెప్పేవారు. వినేవాళ్లు ఆవలించినా వదిలేవారు కాదు. "సదివి ఇనిపించకుండా ఏలిముద్ర ఏయించుకుంటే అది దొంగతనమే" అన్నది ఆయన మాట. ముద్ర పడ్డాక, గోడకి మేకుకు వేలాడుతుండే కొబ్బరినూనె గుడ్డ తీసి, ఆ ముసలమ్మ బొటనవేలు ఆయనే తుడిచేవారు. "ఊదారంగు ఏలితో అన్నం కలుపుతావేటే" అని కసురుతూ తుడిచేవారు. ఇప్పుడు ఫోన్లూ మిషన్లూ వచ్చి సిరా అవసరం తగ్గింది. ఆయన స్టాంపు ప్యాడు డబ్బా మాత్రం అరుగు మీద నుంచి కదల్లేదు.

నా యూనివర్సిటీ దరఖాస్తు కూడా అక్కడే నింపాం. నేను ఒకచోట తప్పు రాసి కొట్టేస్తే ఆయన ఒప్పుకోలేదు. మర్నాడు తనే బస్సెక్కి వెళ్లి కొత్త ఫారం తెచ్చారు. "అమ్మీ, నీకన్నా ముందు నీ కాయితం ఎల్తాది అక్కడికి. అది సక్కగా ఉండాల" అన్నారు. ఇవాళ రాజాంలో నేను సమాజశాస్త్రం పాఠాలు చెప్పుకుంటున్నానంటే ఆ రెండో ఫారం చలవే.

సుగుణకి గంట కొట్టే పని ఎలా వచ్చిందో నాకు సరిగ్గా తెలియదు. పాత కాపలాదారు పోయాక ఎవరూ ముందుకు రాలేదని మాత్రం విన్నాను. నాకు తెలిసిందల్లా నెలలో మొదటి ఆదివారం. ఆరాధన అయిపోయాక ట్రెజరర్ తాత అందరి ముందూ, "సుగుణమ్మా, రా, నీ జీతం" అని పిలిచి కవరు ఇచ్చేవారు. మావయ్య స్కేలు పెట్టి గీతలు గీసిన నోటుబుక్కు ఒకటి ఉండేది. అందులో నెలకో గడి. ఆ గడిలో సుగుణ వేలిముద్ర వేసేది. సిపాయిలు జీతం అందుకున్నట్టు కాళ్లు దగ్గరికి చేర్చి నిలబడేది. ఒక కాలు ఎప్పుడూ పూర్తిగా చేరేది కాదు. ఆ తర్వాత ఆ కవరుతో ఊరంతా తిరిగేది. "నాన్నకి పింఛను, నాకు జీతం" అని దారిలో కనిపించినవాళ్లందరికీ చెప్పేది. నాకూ చాలాసార్లు చెప్పింది.

రెండేళ్ల కిందట ఒక శనివారం మావయ్య మా ఇంటికి వచ్చారు. ఆయన భార్య, మా అత్త, అప్పటికే పోయింది. ప్లాస్టిక్ కవర్లో మడత పెట్టిన కాగితం ఒకటి తెచ్చారు. సైనికుడూ అతని భార్యా పోయాక, వాళ్లకి సొంతంగా బతకలేని బిడ్డ ఉంటే, ఆ బిడ్డ ఎంత పెద్దదైనా సరే, ఉన్నన్నాళ్లూ కుటుంబ పింఛను ఇస్తారు. తండ్రి బతికుండగానే పేరు ఎక్కించుకుంటే తర్వాత దారి సులువు. ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. ఆయనకి అప్పుడే తెలుసు. అలాంటి బిడ్డల పేర్లు ఎన్ని ఎక్కించారో. సొంత కూతురిది మాత్రం ఎప్పటికప్పుడు వాయిదా వేస్తూ వచ్చారు.

"అమ్మీ, సదువుకున్నదానివి. ఇలగ రాయొచ్చంటావా?" అని ఒక వరుస మీద వేలు పెట్టారు. ఈమె తన జీవనోపాధి తాను సంపాదించుకోలేదు అని ఉంది అక్కడ.

నేను ఆ వాక్యం చదివి మండిపడ్డాను. "ఎలా రాస్తారు మావయ్యా? మీ చేత్తో మీరే దాన్ని పనికిరానిదని సంతకం పెడతారా? ఊళ్లో అంతమంది ముందు జీతం తీసుకుంటోంది. కాళ్లూ చేతులూ బాగున్న మగాళ్లు ఎంతమంది ఇంట్లో కూర్చున్నారు?"

"అది కాదమ్మీ. ఆ జీతం సంగతి..."

"జీతం చిన్నదైతే ఏంటి మావయ్యా? అది ఆమె గౌరవం. ఆఫీసు వాళ్ల ఫారం కోసం ఆమె గౌరవం కొట్టేస్తామా?"

ఇంకా చాలా చెప్పాను. నాకు వచ్చిన విద్య అదే కదా. ఆయన ముసలమ్మల గోడు వినేటప్పుడు ఎలా వింటారో అలా తల కాస్త వంచి విన్నారు. కాగితం మళ్లీ పాత మడతల్లోకే మడిచారు. "బాగా సెప్పినావు" అన్నారు. టీ తాగారు. మెట్టు దిగుతూ ఆగి, "నువ్వు సెప్పింది రైటే" అన్నారు ఇంకోసారి.

సోమవారం క్లాసులో ఆ సంగతే ఉదాహరణగా చెప్పాను. పిల్లలు శ్రద్ధగా విన్నారు. నాకు సంతోషం వేసింది.

ఆ కాగితం మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. నేను మరిచిపోయాను.

సమాధి కార్యక్రమం అయిన తర్వాత సుగుణ మేనత్త ఉండిపోయింది. మావయ్య చెల్లెలు, బొబ్బిలిలో కొడుకు దగ్గర ఉంటుంది. పదో రోజో పదకొండో రోజో నన్ను పిలిపించింది.

"అమ్మా, నా మోకాళ్లు రెండూ పోనాయి. దీన్ని బొబ్బిలి తీసికెల్తే నా కోడలు మొగం సూడాల. నా కొడుకేమో ఎక్కడో హోము ఉన్నాది, అందులో ఎట్టీమంటన్నాడు. నానిక్కడే ఉండిపోతాను, నాకేటి. కానీ ఏటి తిని ఉండాల? మా అన్నయ్య పింఛను దీనికి మారిస్తే ఇద్దరం ఈ కొంపలోనే పడుంటాం. గుంట దాని గంట అది కొట్టుకుంటాది. మారుస్తారంట కదా?"

"మారుస్తారు పిన్నీ" అన్నాను.

విజయనగరంలో సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లాం. అక్కడ చాలాకాలంగా పనిచేస్తున్న ఒకాయన మావయ్య పేరు చూడగానే లేచి నిలబడ్డారు. "ఈయన రాసిన కాగితాలకి మేం ఒక్క కొర్రీ పెట్టలేదు మేడమ్. కొత్తగా చేరిన వాళ్లకి ఇవే చూపించేవాళ్లం" అన్నారు. కూర్చుని రికార్డు చూశారు. మళ్లీ చూశారు. "కూతురి పేరు లేదేంటి? ఈయన ఎక్కించకపోవడమేంటి?" అన్నారు. నేను నా ఒళ్లో ఉన్న ఫైలు వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆయన ఓపిగ్గా చెప్పారు, ఇంకా దారి ఉందని. వైకల్యం గురించి డాక్టర్ల బోర్డు ధ్రువపత్రం కావాలి. మేనత్త సంరక్షకురాలిగా రాసివ్వాలి. సుగుణకి సంపాదన లేదని ఊళ్లో విచారణ జరగాలి. చివరికి సుగుణ కూడా ఆ మాటే తన ముద్రతో చెప్పాలి. తండ్రి ఉండగా అయితే ఆయన సంతకంతో మొదలయ్యే పని.

డాక్టర్ల దగ్గర పని రెండు పూటల్లో అయిపోయింది. విచారణకి ఆగస్టులో గ్రామ సచివాలయం నుంచి వీఆర్వో అమ్మాయి వచ్చింది. చిన్నపిల్ల, మర్యాదగా మాట్లాడింది. అరుగు మీద మేనత్త, నేను, సాక్షిగా ట్రెజరర్ తాత. సుగుణ తల దువ్వుకుని వచ్చి కూర్చుంది.

"నువ్వేం పని చేస్తావక్కా?" అని అడిగింది వీఆర్వో.

"ఉద్దోగం" అంది సుగుణ.

"ఏం ఉద్యోగం?"

"గంట. జీతం కూడా ఉన్నాది. ఉండు." ఎవరూ ఆపేలోపు లోపలికి వెళ్లి నోటుబుక్కు తెచ్చింది. పేజీ పేజీకీ గడులు, గడికో ఊదారంగు బొటనవేలు. "ఇవన్నీ నావే" అని తిప్పి చూపించింది.

మేనత్త నెత్తి కొట్టుకుంది. "ఓలి నా తల్లీ, ఇప్పుడే తేవాలా దాన్ని!"

వీఆర్వో పుస్తకం మూసి నా వైపు చూసింది. "మేడమ్, ఇది చూసి కూడా సంపాదన లేదని నేనెలా రాయను?"

ట్రెజరర్ తాత గొంతు సవరించుకున్నారు. "సుగుణా, లోపలికెల్లి మంచినీళ్లట్రా తల్లీ, పాప ఎండలో వచ్చింది" అన్నారు. ఆమె వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించారు.

"సంఘానికి అంత స్తోమత ఎక్కడిదమ్మా? పాస్టరుగారికి ఇవ్వడానికే కిందా మీదా అవతన్నాం. ప్రతి నెలా శనివారం సాయంత్రం ఆయనే తెచ్చి నా సేతికి ఇచ్చీవోడు కవరు. ఆయన పింఛనులోదే. ఎవులికీ సెప్పకని మాట తీసుకున్నాడు. ఆయన పోయినాక ఆ కవరు నానే ఎడతన్నాను. ఇప్పుడు సెప్పకపోతే ఈ గుంట నోటికాడిది పోతాది కదా."

లోపల గ్లాసు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. అది కాదమ్మీ, ఆ జీతం సంగతి అని ఆయన మొదలుపెట్టిన మాటకి మిగతా సగం నాకు అప్పుడు అందింది. రెండేళ్లు ఆలస్యంగా.

అప్పట్నుంచీ ఆ శనివారాన్ని నేను ఎన్ని రకాలుగా తిప్పి చూసుకున్నానో. నియమం ఏమిటో అడగడానికి ఆయన నా దగ్గరికి రాలేదు, నియమాలు నాకంటే ఆయనకే తెలుసు. రాసెయ్యండి మావయ్యా, వట్టి కాగితమే కదా అని ఎవరైనా ఒక మాట అంటే చాలని వచ్చారేమో. లేదా రాయకూడదని ముందే అనుకుని, తోడుకి నా నోటి మాట కావాలనుకున్నారేమో. రెండోదే నిజమని నమ్మితే ఆ రోజు నాకు నిద్ర పడుతుంది. మర్నాడు మళ్లీ మొదటిదే నిజమనిపిస్తుంది. ఒక్కటి మాత్రం ఖాయం. ఆయన ఒక మాట చెప్పబోయారు. కాగితాన్ని ఆఖరి అక్షరం దాకా వినిపించే మనిషిని నేను ఒక్క వాక్యం పూర్తి చెయ్యనివ్వలేదు.

గంట కొట్టినందుకు సంఘం ఎప్పుడూ జీతం ఇవ్వలేదని ట్రెజరర్ తాత ఉత్తరం రాసిచ్చారు. వీఆర్వో నివేదిక రాసింది. ఇక సుగుణ ముద్ర మిగిలింది.

అదే అరుగు మీద, మావయ్య స్టాంపు ప్యాడు డబ్బా తెరిచి పెట్టుకుని కూర్చున్నాం. సిరా ఎండిపోయిందేమో అనుకున్నాను, ఎండలేదు.

"బేగి ఏయించీ అమ్మా. దానికేటి తెలుస్తాది?" అంది మేనత్త.

నిజంగానే వేయించేద్దామనుకున్నాను. సుగుణ అప్పటికే వేలు చాపింది. కానీ ఆయన అరుగు మీద కూర్చుని ఆయన చెప్పే దొంగతనం చెయ్యలేకపోయాను. చదివాను. నేను ఏ పనీ చేసి సంపాదించడం లేదు. ఇంతవరకు ఎన్నడూ సంపాదించలేదు. నా పోషణకి వేరే ఆధారం లేదు.

సుగుణ వేలు వెనక్కి తీసుకుంది. "మళ్లీ సదువు."

మళ్లీ చదివాను.

"తప్పు రాసినారక్కా" అంది. కోపంగా లేదు, నేను గమనించలేదేమోనని చెప్పినట్టు ఉంది. "గంట నానే కదా కొడతన్నాను?"

"నువ్వే."

"మరి?"

మేనత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను కాగితంలో ఆ వరుస మీద వేలు పెట్టి ఇంకోసారి చూసుకున్నాను. సుగుణే ఆలోచించింది.

"ఆళ్లకి ఇనపడనేదు గావాల" అంది చివరికి. "విజయనగరం దూరం కదా."

"అవును. దూరమే" అన్నాను.

ఆమె వేలు ప్యాడు మీద అద్ది, నాన్న నేర్పినట్టు ఈ పక్క నుంచి ఆ పక్కకి ఒత్తి ముద్ర వేసింది. చక్కగా పడింది. ఇంకేదైనా అడుగుతుందేమోనన్న భయంతో నేను కాగితం గబగబా మడిచి ఫైలులో పెట్టేసి లేచాను. వీధి చివరికి వచ్చాక గుర్తొచ్చింది. ఆమె వేలు తుడవలేదు. నూనె గుడ్డ మేకుకే వేలాడుతోంది.

కాగితాలు వెళ్లాయి. ఇంకా ఏ కబురూ రాలేదు. మేనత్త పోస్టు వచ్చే వేళకి గుమ్మంలోనే ఉంటోంది. మొదటి ఆదివారం కవరులో ఈ నెల డబ్బు నేనే పెట్టి తాత చేతికిచ్చాను. అది మావయ్య మీద గౌరవంతో చేశానో, ఆయన చేసిన పొరపాటే మళ్లీ చేస్తున్నానో నాకు తెలియదు. మీ ఇళ్లలో ఇలాంటి బిడ్డ ఉండి, ఇలాంటి కాగితం ఏ పెట్టెలోనైనా మడతపెట్టి ఉంటే, దాని గురించి ఎవరితోనైనా మాట్లాడండి. మాట పూర్తిగా వినేవాళ్లతో మాట్లాడండి.

ఆయన పోయాక వచ్చిన ఆదివారం నుంచీ గేటు దగ్గర నేను నిలబడుతున్నాను. "అక్కా, నువ్వు నిలబడు" అని సుగుణే చెప్పింది. ఫోనులో టైము చూసుకుని చెయ్యి ఎత్తుతాను, ఆయన ఎంతసేపు ఉంచేవారో గుర్తు చేసుకుంటూ దించుతాను.

ముద్ర వేసిన మర్నాడు ఆదివారం. మొదటిసారి మామూలుగానే కొట్టింది. రెండోసారీ అంతే. మూడో గంటకి నేను చెయ్యి ఎత్తాను. సుగుణ తాడుని ఒంటిచేత్తో పట్టుకుని, ఒళ్లంతా వెనక్కి వంచి లాగింది. తాడు మీద ఆమె పిడికిలి పట్టు ఉండే చోట, ఏళ్ల తరబడి చెమటకి నల్లబడిన చోట, కొత్తగా ఊదారంగు అంటుకుని ఉంది. దించాల్సిన వేళయింది. ఆమె నోరు కాస్త తెరిచి, నాన్న చేతిని చూసినట్టే నా చేతిని చూస్తోంది. ఆపమంటానేమోనని చూస్తోంది. పాస్టరుగారు గుమ్మంలో బైబిలు పట్టుకుని నిలబడ్డారు. ట్రెజరర్ తాత నా వైపు చూసి తల దించుకున్నారు. బొబ్బిలి రోడ్డు మీద వెళ్తున్న ఆటో ఒకటి వేగం తగ్గించింది.

భుజం లాగుతోంది. ఊదారంగు మరక పైకి వెళ్తోంది, కిందికి వస్తోంది. నేను చెయ్యి దించలేదు.